నాలుగో అంకంలో నవ్వు

అతన్ని క్లబ్బులో అందరూ "ఉత్తరం" అని పిలిచేవారు. ఇరవై రెండేళ్ళుగా అతనికి దక్కుతున్నది ఆ ఒక్క వేషమే. నాటకం ఏదైనా, మధ్యలో ఎక్కడో ఒకచోట ఎవరికో ఒకరికి ఉత్తరం వస్తుంది. అది పట్టుకుని అతను రంగం మీదికి రావాలి. ఇచ్చి, వంగి, వీపు తిప్పకుండా నాలుగడుగులు వెనక్కి వేసి వెళ్ళిపోవాలి. పగలు పంపుహౌస్‌లో వాల్వులు తిప్పే ఉద్యోగం, సాయంత్రం ఉత్తరాలు మోసే ఉద్యోగం. "రెండోదానికి జీతమూ లేదు, రిటైర్మెంటూ లేదు" అని భార్య ఆటపట్టించేది.

పోటీలు ఇంక తొమ్మిది రోజులున్నాయనగా పెద్ద వేషం కట్టే ఆయన మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన డైరెక్టరు క్లబ్బు గదిలో కుర్చీలో కూలబడి, కాసేపు పైకప్పు వంక చూసి, "ఒరేయ్ ఉత్తరం, నీకు అందరి మాటలూ వచ్చు కదూ?" అన్నాడు.

వచ్చు. పక్కతెర చాటున నిలబడి, తన వంతు కోసం చెవులు రిక్కించి వినీ వినీ, అందరి మాటలూ అతనికి కంఠతా వచ్చు.

"అయితే వైద్యుడు నువ్వే." డైరెక్టరు రిటైరైన డ్రాయింగు మాస్టారు. క్లబ్బులో సగం మందికి చిన్నప్పుడు బొమ్మలు నేర్పినవాడు కాబట్టి అందరినీ ఒరేయ్ అనే హక్కు ఆయనకి ఉండిపోయింది. "కానీ ఊరికే అప్పజెప్పేస్తే కుదరదు. వాణ్ణి చదువు. మనిషిని చదివినట్టు చదువు."

ఆ నాటకం వందల ఏళ్ళ నాటిది. ఎక్కడ పుట్టిందో, ఎన్ని భాషలు దాటి వచ్చిందో క్లబ్బులో ఎవరికీ తెలియదు. చుట్టూ గోడ ఉన్న ఒక పట్నం. అందులో యూదులందరినీ ఒకే వీధిలో ఉంచి, పొద్దుగూకగానే వీధి గేటుకి బయట నుంచి తాళం వేస్తారు. ఒక రాత్రి ఆ వీధికి నిప్పంటుకుంటుంది. తాళంచెవి నగరాధికారి దగ్గరుంటుంది. ఆయన భోంచేసి, చేతులు కడుక్కుని వచ్చేసరికి యూదు వైద్యుడి భార్య కాలిపోయి ఉంటుంది. పదేళ్ళ తర్వాత ఆ అధికారి కొడుక్కే జబ్బు చేస్తుంది. మందు వైద్యుడి దగ్గర ఉంది. అతను తలుపు తియ్యడు. పిల్లవాడు చనిపోతాడు. చివరి అంకంలో వైద్యుడి మెడలో గంట కట్టి ఊరంతా తిప్పుతారు, జనం నవ్వుతారు. రంగం మీది జనంతో పాటు కింద కూర్చున్న జనం కూడా నవ్వాలనే రాసినట్టుంటుంది. వైద్యుడు పిసినారి, పిరికివాడు, మందు చుక్కల్ని పైకి లెక్కపెడుతూ పోసేవాడు. ఒక్క నాలుగో అంకంలో మాత్రం, మూసిన తలుపుకి వీపు ఆనించి, గేటు దగ్గర నిలబడ్డ ఆ రాత్రి గురించి చెబుతాడు. పదిహేడు పంక్తులు. క్లబ్బు ఈ నాటకం మూడుసార్లు ఆడింది. మూడుసార్లూ ఆ పంక్తులప్పుడు అతను తన చేతిలోని ఉత్తరాన్ని ఉండలా నలిపేశాడు.

ఊళ్ళో మిగిలిన యూదుల ఇళ్ళు మూడో నాలుగో. అందులో ఒక ఇంటివాళ్ళకి బస్సుస్టాండు వెనక వీధిలో కళ్ళజోళ్ళ కొట్టుంది. అతని భార్య కళ్ళజోడు విరిగి నెలయింది, దారం కట్టి నెట్టుకొస్తోంది. అది జేబులో వేసుకుని మర్నాడు పొద్దున్నే అక్కడికి వెళ్ళాడు.

కొట్టు సన్నగా, పొడుగ్గా, పెన్నుల పెట్టెలా ఉంది. వీధివైపు బల్ల, బల్ల వెనక పెద్దాయన. డెబ్భై దాటి ఉంటాయి. పక్కన కూతురు అద్దాలు తుడిచి కాగితం కవర్లలో పెడుతోంది. పెద్దాయన ఫ్రేము కాడను వేడి ఇసుక గిన్నెలో గుచ్చి, మనసులో ఏదో లెక్క పూర్తయినట్టు తల ఊపి బయటికి తీసేవాడు. రెండు బొటనవేళ్ళతో రవ్వంత వంచి, ఊది, కంటి ఎత్తుకి పట్టి చూసేవాడు. ఆవగింజంత స్క్రూని తడివేలికి అంటించుకుని దాని బెజ్జంలోకి దింపేవాడు. దింపేటప్పుడు కొట్టులో ఎవరూ మాట్లాడేవారు కాదు, తుమ్మొచ్చినా ఆపుకునేవారు.

ఇదంతా కాదు అతన్ని కట్టిపడేసింది. ఆ ఎడమ చెయ్యి. మాట మొదలుపెట్టే ముందు పెద్దాయన ఎడమ అరచేతిని వెల్లకిలా తెరిచేవాడు, ఎదుటివాడు అందులో ఏదో పెడతాడన్నట్టు. తల కొంచెం పక్కకి వాల్చి "ఊఁ" అనేవాడు. మాట అయిపోయాక వేళ్ళు ఒక్కొక్కటే మూసుకునేవి, దక్కిందేదో దాచుకుంటున్నట్టు.

రెండోరోజు నిజం చెప్పేశాడు. "నేను నాటకంలో యూదు వైద్యుడి వేషం వేస్తున్నానండీ. అభ్యంతరం లేకపోతే రోజూ కాసేపు ఇక్కడ కూర్చుంటాను."

కూతురు తలెత్తింది. "మా నాన్నను చూసి ఏం నేర్చుకుంటారు? ఆయన వైద్యుడు కాదుగా."

"ఎలా కూర్చుంటారో, ఎలా మాట్లాడతారో…"

"అందరూ కూర్చున్నట్టే కూర్చుంటాడు."

"పోనీలేమ్మా," అన్నాడు పెద్దాయన. "చూస్తే అరిగిపోతానా? కూర్చోండి బాబూ. కథేమిటి?"

అతను కథ చెప్పాడు. పెద్దాయన చేతిలో పని ఆపకుండా విన్నాడు. పిల్లవాడు చనిపోయే చోటికి వచ్చేసరికి పనిముట్టు బల్ల మీద పెట్టేశాడు.

"మందు ఉండి కూడా ఇవ్వలేదా?"

"ఇవ్వలేదండీ."

"అయితే తప్పే. పిల్లవాడేం చేశాడు?" ఎడమ చెయ్యి తెరుచుకుంది. "ఊఁ. తాళం కథ చెప్పి ఆ తప్పు మాఫీ చెయ్యమంటే కుదరదు. అలాగని తప్పు చేశాడు కదా, ఇంక తాళం కథ ఎందుకు అంటే, అదీ కుదరదు. రెండూ చెప్పాలి. చెబుతాడా మీ నాటకంలో?"

"చెబుతాడండీ. పదిహేడు లైన్లు."

"అయితే చూడాలి," అన్నాడు పెద్దాయన. వేళ్ళు మూసుకున్నాయి.

మూడోరోజు రిహార్సల్లో అతను ఆ చెయ్యి మొదటిసారి వాడాడు. అరచెయ్యి తెరిచి, తల వాల్చి, "ఊఁ" అన్నాడు. నగరాధికారి వేషగాడు తన మాట మరిచిపోయి ఫక్కున నవ్వాడు. హార్మోనియం పెట్టె మీద కూర్చున్నవాడు పొట్ట పట్టుకున్నాడు. డైరెక్టరు కుర్చీలోంచి లేచాడు.

"ఎక్కడ పట్టావురా దీన్ని! మళ్ళీ చెయ్యి. ఇంకొంచెం పెద్దగా. వెనక వరుసకి అందాలి."

అతను ఇంకొంచెం పెద్దగా చేశాడు. ఈసారి కాఫీలు తెచ్చినవాడు కూడా నవ్వాడు. ఇరవై రెండేళ్ళలో అతన్ని చూసి ఎవరైనా, ఏ రకంగానైనా, ఒక చప్పుడు చెయ్యడం అదే మొదలు. ఒళ్ళంతా వెచ్చబడింది. రేపు తగ్గించుకోవచ్చులే అనుకున్నాడు. మర్నాడు చెయ్యి భుజం దాకా లేచింది. ఆ మర్నాడు "ఊఁ" అనేది రాగమై సాగింది. పొద్దున కొట్టులో కూర్చుని చూసేటప్పుడు అది ఒక ముసలాయన చెయ్యి. సాయంత్రానికి దానికి తోకా కొమ్ములూ మొలిచేవి. ఇంటికి నడిచే దారిలో అతనికి కొంచెం వెలితిగా ఉండేది. పక్కన నడిచేవాడు భుజం తట్టి "చంపేశావు గురూ" అనగానే ఆ వెలితి పోయేది.

శుక్రవారం డైరెక్టరు గడియారం పట్టుకుని కూర్చున్నాడు. "రెండు గంటలు దాటితే మార్కులు కోస్తారు. పదకొండు నిమిషాలు ఎక్కువొస్తోంది." ఎర్ర పెన్సిలుతో పుస్తకంలో గీతలు గీసుకుంటూ పోయి, నాలుగో అంకం దగ్గర పేజీకి అడ్డంగా పెద్ద గీత లాగాడు. "ఈ తలుపు దగ్గర సొద తీసేద్దాం. తలుపు మొహాన వేసి లోపలికి పో. అంతే."

"మాస్టారూ, అది లేకపోతే వాడు ఉట్టి రాక్షసుడండీ."

"అయితే ఏం? జనానికి సుఖం. మూడంకాలు నవ్వించి, నాలుగోదాంట్లో ఏడవమంటే వాళ్ళకి మింగుడు పడదురా."

"తాళం సంగతి చెప్పకపోతే…"

"తాళం సంగతి మొదటి అంకంలో దాసీ చెబుతుందిగా, ఒక ముక్క. చాలు."

అతనికి చెప్పాల్సింది చాలా ఉంది. కొట్టులో పెద్దాయన అన్న మాటలున్నాయి. కానీ నోటికి వచ్చింది "సరేనండి" ఒక్కటే. అంటూ అంటూనే కాళ్ళు వాటంతటవి నాలుగడుగులు వెనక్కి వేశాయి.

శనివారం పొద్దున పెద్దాయన్ని రావద్దని చెప్పడానికే కొట్టుకి వెళ్ళాడు. దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాడు: హాల్లో ఉక్కగా ఉంటుంది, కుర్చీలు బాగుండవు, మెట్లు ఎక్కువ. తీరా వెళితే గోడకి మేకు మీద తెల్లచొక్కా ఇస్త్రీ చేసి తగిలించి ఉంది.

"రేపటికే," అంది కూతురు, అతని చూపు పట్టుకుని. "నాటకాలు చూడక ముప్పై ఏళ్ళయిందిట. నిన్నట్నుంచి నాలుగుసార్లు టైము అడిగాడు."

"మూడింటికే కదా?" అన్నాడు పెద్దాయన లోపల్నుంచి. "ముందు వరుస అయితే నాకు మెడ నొప్పి బాబూ. రెండో, మూడో చూడండి. ఆ తాళం మాటలు చెవిన పడాలి, అంతే."

అతను మేకు మీది చొక్కా వంక చూశాడు. "మూడో వరుసలో చెబుతానండీ," అన్నాడు.

మధ్యాహ్నం డ్యూటీలో, మోటార్లు రెండూ హోరెత్తుతుంటే, ప్రెషర్ మీటరు ముందు నిలబడి పదిహేడు పంక్తులూ గొంతెత్తి చెప్పాడు. అక్కడ తన మాట తనకే వినబడదు. ఐదారుసార్లు చెప్పాక గమనించాడు, ప్రతిసారీ ఎడమ చెయ్యి భుజం దాకా లేస్తోంది. దాన్ని వాల్వు చక్రానికి పట్టించి మళ్ళీ మొదలుపెట్టాడు. రెండో పంక్తి దగ్గర చక్రం వదిలేసి లేచింది.

ఇంటికొచ్చాక భార్య అడిగింది. "రావద్దని చెప్పారా?"

"లేదు."

"మరి?"

"ఆ లైన్లు నేను చెప్పేస్తాను. కొట్టేసినా సరే. రంగం మీదికొచ్చి నోరు మూస్తారా? మహా అయితే తర్వాత తిడతారు."

ఆమె బాగుచేయించిన కళ్ళజోడు పెట్టుకుని అతన్ని కిందికీ పైకీ చూసింది. "మీరే?" అంది. తర్వాత జాలేసిందేమో, "చెప్పండి మరి," అని కంచం దగ్గరికి జరిపింది.

ఆదివారం హాలు కిక్కిరిసింది. పెద్దాయన మూడో వరుసలో, నడవ పక్క కుర్చీలో, తెల్లచొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుని కూర్చున్నాడు. కూతురు రాలేదు. మొదటి అంకంలో అతను అడుగుపెట్టి, అరచెయ్యి తెరిచి "ఊఁ" అన్నాడో లేదో, హాలంతా ఒక్కసారి గొల్లుమంది. మందు చుక్కలు లెక్కపెట్టే చోట ఈలలు పడ్డాయి. రెండో అంకం నుంచి జనం అతని చెయ్యి కోసం కాచుకుని కూర్చున్నారు. వేలు కదిపితే చాలు, వెనక బెంచీల నుంచి "ఊఁ" అని ముందే అందించేవాళ్ళు. తక్కువ చేద్దామని చూశాడు. తక్కువ చేస్తే అదింకా తమాషాగా ఉందని నవ్వారు.

నాలుగో అంకంలో నగరాధికారి కాళ్ళావేళ్ళా పడి వెళ్ళిపోయాడు. అతను తలుపు వేశాడు. అలా లోపలికి వెళ్ళిపోవాలి. వెళ్ళలేదు. తిరిగి, తలుపుకి వీపు ఆనించాడు. పక్కతెరలో డైరెక్టరు చేతులు ఊపుతున్నాడు.

"ఆ రాత్రి గేటు అవతల నిలబడ్డ మనిషి నాతో ఏమన్నాడో తెలుసా మీకు?" అన్నాడు. చెయ్యి తెరుచుకుంది. తను తెరవలేదు, అదే తెరుచుకుంది. వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. "కాస్త ఆగు అన్నాడు. ఊచల్లోంచి చెయ్యి చాపాను. ఈ చేతిలో తాళంచెవి పెట్టమన్నాను. కాస్త ఆగు అన్నాడు."

"కాస్త ఆగు!" అని ఎవడో మధ్యలోంచి అరిచాడు. హాలు పగలబడింది.

అతను గొంతు పెంచాడు. పంపుహౌస్‌లో మోటార్ల మీద అరిచినట్టు అరిచాడు. అరిచినకొద్దీ నవ్వు పెరిగింది. భార్యని పేరు పెట్టి పిలిచాననే చోట నవ్వారు. ఆమె జవాబు చెప్పడం మానేసిందనే చోట, చెయ్యి మళ్ళీ లేచింది కాబట్టి, మళ్ళీ నవ్వారు. వాళ్ళ తప్పు లేదు. ఈ చెయ్యి లేస్తే నవ్వాలని గంటన్నరగా తనే కదా నేర్పాడు. మూడో వరుస వైపు చూశాడు. వెలుగు అక్కడిదాకా పోవడం లేదు. తెల్లచొక్కా కనబడింది, ముఖం కనబడలేదు. తొమ్మిదో పంక్తి అయింది. పదో పంక్తి నోట్లోనే ఉండిపోయింది. తలుపు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

డైరెక్టరు కొడతాడనుకున్నాడు. కౌగలించుకున్నాడు. "ఎంత గుండెరా నీకు! కొట్టేసింది కలిపావు, ఒక్క క్షణం విసుగు పుట్టనివ్వలేదు. 'కాస్త ఆగు' అన్నప్పుడు జడ్జీలు కళ్ళు తుడుచుకున్నారురా, నవ్వలేక!"

ఉత్తమ హాస్యనటుడి బహుమతి అతనికే వచ్చింది. ఇత్తడి కప్పు అందుకుని, వంగి, తెలియకుండానే నాలుగడుగులు వెనక్కి వేశాడు. అదీ అభినయమేననుకుని మళ్ళీ నవ్వారు. కిందికి దిగి చూస్తే మూడో వరుసలో కుర్చీ ఖాళీగా ఉంది.

సోమవారం పంపుహౌస్ గేటు దగ్గర వాచ్‌మన్ అరచెయ్యి తెరిచి "ఊఁ, కాస్త ఆగు" అన్నాడు. మధ్యాహ్నం ఆఫీసరు పిలిచి గుమాస్తాల ముందు ఒకసారి చేసి చూపించమన్నాడు. అతను చెయ్యి నొప్పిగా ఉందన్నాడు. మంగళవారం బస్సుస్టాండు వెనక వీధిలో అడుగుపెట్టేసరికి, సైకిళ్ళ కొట్టు ముందు నిలబడ్డ ఇద్దరు పెద్దమనుషులు కళ్ళజోళ్ళ కొట్టు వైపు తిరిగి, అరచేతులు తెరిచి, ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటున్నారు. అతన్ని చూసి, "అసలాయన వచ్చాడు!" అని దారిచ్చారు.

కొట్టులో వీధివైపు బల్ల దగ్గర కూతురు ఒక్కతే ఉంది. అద్దాలు అరగదీసే సానరాయి, ఇసుక గిన్నె, పనిముట్ల పెట్టె అన్నీ తెర వెనకకి మారిపోయాయి. తెర కింద నుంచి పెద్దాయన చెప్పులు కనిపిస్తున్నాయి.

"నాన్నా, నాటకం ఆయన," అంది ఆమె.

పెద్దాయన తెర తొలగించుకుని వచ్చాడు. రెండు చేతులూ పాత గుడ్డతో తుడుచుకుంటున్నాడు. తుడుచుకోవడం అయ్యాక కూడా గుడ్డ వదల్లేదు. "రండి బాబూ. బహుమతి వచ్చిందటగా. సంతోషం."

"నన్ను క్షమించండి. నేను అలా అనుకోలేదు. ఆ మాటలు…"

"బాగానే చెప్పారు. నవ్వుల్లో సగం వినబడలేదు, అంతే."

"మీకు చాలా కష్టం కలిగి ఉంటుంది."

పెద్దాయన గుడ్డను మడతపెట్టాడు. ఇంకో మడత పెట్టాడు. "పక్క కుర్చీలో ఒకాయన కూర్చున్నాడు. మర్యాదస్తుడే. కాసేపయ్యాక నా చెయ్యి చూశాడు, మీ చెయ్యి చూశాడు. అచ్చం మీలాగే ఉందే అని నా తొడ మీద చరిచి నవ్వాడు. ముందు వరుసవాళ్ళూ తిరిగి చూశారు."

"మీరేమన్నారు?"

"నేనూ నవ్వాను," అన్నాడు పెద్దాయన. "అంతమందిలో ఒక్కడే నవ్వకుండా కూర్చుంటే బాగుండదు కదా బాబూ."

కూతురు చేతిలో అద్దం కాగితం కవరులోకి పోకుండా ఆగిపోయింది. "నిద్రపోయానన్నావు నాన్నా," అంది. "నాటకం అంతా నిద్రపోయానన్నావు."

పెద్దాయన తెర వెనక్కి వెళ్ళిపోయాడు. కాసేపటికి సానరాయి తిరుగుతున్న చప్పుడు వచ్చింది.

అతను వెళ్ళలేక, ఉండలేక బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె అద్దాన్ని తుడిచిందే తుడిచి, చివరికి, "ఎన్ని లైన్లు మిగిలిపోయాయి?" అంది.

"ఎనిమిది."

"చెప్పండి."

ఎడమ చేతిని కుడిచేత్తో బల్లకి అదిమిపట్టి, తల దించుకుని, గొణుగుతున్నట్టుగా చెప్పాడు. గేటు చల్లారాక ఊచల మీద చర్మం అతుక్కుపోయిన సంగతి. తాళం తీసినవాడు "ఆలస్యమైంది, ఏమనుకోకు" అన్న సంగతి. ఆ రోజు నుంచి తలుపు చప్పుడైతే తను లేచి నిలబడతాడే గానీ కాళ్ళు ముందుకి కదలవన్న సంగతి. చెప్పడం అయిపోయింది. ఎవరూ నవ్వలేదు. సానరాయి తిరుగుతూనే ఉంది.

"ఇంతేనా?" అంది ఆమె.

"ఇంతేనండీ."

"మా నాన్న ఇంతకన్నా బాగా చెబుతాడు." ఆమె గొంతులో కోపం లేదు. "తొమ్మిదో ఏట ఒక్కడే నడుచుకుంటూ వచ్చాడు ఈ ఊరికి. ఎందుకొచ్చాడో నా చిన్నప్పుడు ఒకసారి చెప్పాడు, మా అమ్మ పోయినరోజు ఒకసారి. మీరు ఆరు రోజులు కూర్చున్నారిక్కడ. చెయ్యి ఎలా తెరుస్తాడో, తల ఎటు వాలుస్తాడో అంతా చూశారు. వైద్యుడి కథంతా చెప్పారు. నీ సంగతేమిటి పెద్దాయనా అని ఒక్కరోజు అడగలేదు. అడుగుతారేమోనని నేను కాచుకుని కూర్చున్నాను."

అతను తెర వైపు చూశాడు. "ఇప్పుడు అడగనా?"

"ఇప్పుడు అడిగితే ఇంకో నాటకం కోసమనుకుంటాడు."

అతని డ్యూటీకి టైమవుతోంది. అయినా కదల్లేదు. లోపల సానరాయి ఆగింది. అద్దం మీద పొడి ఊదిన చప్పుడయింది.

"ఎవరమ్మా అక్కడ?" అన్నాడు పెద్దాయన తెర వెనక నుంచి.

ఆమె అతని ముఖంలోకి తిన్నగా చూసింది.

"ఎవరూ లేరు నాన్నా," అంది.